సహజమను మాటకు విలువ ఎంత?

సూర్యాపేట బజారులో ఒక కిరాణా దుకాణము ముందు అయిదు నిమిషములు నిలిచి చూచినచో ఒక వింత కనబడును. దండలుగా వ్రేలాడు షాంపూ ప్యాకెట్ల మీద పచ్చని ఆకు బొమ్మ యుండును. సబ్బు మీద వేపరెమ్మ, తలకు వేయు రంగుపొడి మీద గోరింటాకు, బిస్కట్ల మీద గోధుమ వెన్ను, పండ్లరసపు డబ్బా మీద కోసిన బత్తాయి ఉండును. వీటన్నిటి ప్రక్కను ఒకటే మాట: ‘సహజము’. కొన్నింటి మీద దానికి తోడుగా ‘రసాయనములు లేవు’ అని మరియొక మాట. కోదాడలోను, మిర్యాలగూడలోను ఇదే దృశ్యము.

పుస్తకములకు విమర్శ వ్రాయుట మనకు అలవాటే. కాని ఏ పుస్తకముకంటెను ఎక్కువమంది చదువునది, చదివి డబ్బు చెల్లించునది, ఈ ప్యాకెట్ల మీది వ్రాత. దానిని ఒంటికి పూసికొందుము, కడుపులోనికి తీసికొందుము. అట్టి వ్రాతకు విమర్శకుడు లేకపోవుట న్యాయము కాదు. కనుక ఆ వ్రాతనే ఒక రచనగా నెంచి, అందలి ముఖ్యమైన మాటను ఇచట పరీక్షింతము.

మాట చెప్పునది, చెప్పనిది

‘సహజము’ అనగా తనతో కూడ పుట్టినది. ఈ అర్థమును గట్టిగా పట్టుకొన్నచో సగము చిక్కు విడిపోవును. ఒక వస్తువు ఎక్కడ పుట్టినదో ఆ మాట చెప్పును. అది మన కడుపులోనికి పోయినప్పుడు, చర్మమునకు తగిలినప్పుడు ఏమి చేయునో చెప్పదు. కొనువానికి తెలియవలసినది రెండవది. ప్యాకెట్టు చెప్పునది మొదటిది. మొదటిదాని నుండి రెండవది దానంతట అదే తేలునని మనము అనుకొనుటయే ఈ వ్యాపారమునకు పెట్టుబడి.

ఆ అనుకోలు నిలువదని పల్లెటూరి బాలునకు సైతము తెలియును. ఉమ్మెత్తకాయ మన దొడ్డిలో పుట్టినదే, గన్నేరు పప్పు చెట్టున కాసినదే. వాటిని ఎవరును నోట పెట్టరు. నల్లగొండ మెట్ట చేలలో తరతరములుగా పండిన ఆముదపు గింజలో రిసిన్ అను మాంసకృత్తి కలదు. అది మిక్కిలి తీవ్రమైన విషములలో ఒకటి. ఆ గింజలనే వేయించి, దంచి, నీటిలో మరగించి మన పెద్దలు వంటాముదము తీసిరి. రిసిన్ నూనెలో కరగదు. వేడికి దాని విషగుణము నశించును. అనగా అక్కడ మేలు చేసినది గింజ సహజముగా నుండుట కాదు, మనుష్యుడు దానిపై చేసిన పని.

‘రసాయనములు లేవు’ అను మాట ఇంకను విచిత్రమైనది. నీరు రసాయన పదార్థము, ఉప్పు రసాయన పదార్థము, బెల్లములోని తీపియు రసాయన పదార్థమే. రసాయనములు లేని ప్యాకెట్టు ఏదైన ఉన్నచో దానిలో గాలి కూడ ఉండరాదు. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అమోనియం సయనేటు నుండి యూరియాను తయారుచేసెను. అంతవరకు ప్రాణుల శరీరములందే పుట్టునని తలచిన పదార్థమది. నేడు సాగరు ఎడమ కాలువ క్రింది రైతు బస్తాలతో కొని వరిచేలలో చల్లు యూరియాయు, పశువుల మూత్రములోని యూరియాయు ఒకే అణువు. ఉసిరికాయలోని సి విటమినుకును, మాత్రలోని సి విటమినుకును అణునిర్మాణములో భేదము లేదు. ఉసిరికాయలో దానితోపాటు పీచును, ఇతర పదార్థములును ఉన్నవి; మాత్రలో అవి లేవు. ఇది నిజమైన భేదమే. కాని ఈ భేదమును తెలుపవలసినది ‘సహజము’ అను మాట కాదు, ఏమేమి ఎంతెంత ఉన్నదో చెప్పు పట్టిక.

నల్లగొండ నీరు నేర్పిన పాఠము

2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడువరకు ఈ మూడు పట్టణములును నల్లగొండ జిల్లాలోనివే. సహజమైనదెల్ల మేలైనది కాదను పాఠమును ఆ జిల్లావలె నేర్చిన ప్రాంతము మన దేశములో అరుదు.

అక్కడి నేల క్రింద నల్లరాతి పొరలు, పలుగురాతి పొరలు కలవు. ఆ రాళ్లలోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు మెల్లగా కరగి బావుల నీటిలోను, బోర్ల నీటిలోను చేరును. ఏ కర్మాగారమును దానిని కలుపలేదు, ఎవరును కల్తీ చేయలేదు. అది అక్షరాల సహజమైన నీరు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చునని భారత ప్రమాణము చెప్పుచున్నది. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి మొదట పండ్లు గారపట్టును. తరువాత కీళ్లు బిగియును. ఎముకలు వంకరలు పోవును. వెన్నెముక కఱ్ఱవలె బిఱుసెక్కును. మన దేశములో ఈ వ్యాధిని 1937లో నెల్లూరు జిల్లాలో షార్ట్, పండిట్, రాఘవాచారి గారలు మొదట వర్ణించిరి. నల్లగొండ జిల్లాలోని రోగులను గూర్చి సిద్దిఖీ గారు వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిషు వైద్య పత్రికలో వెలువడినది. జిల్లాకు పడమరనున్న మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములలో వంగిన కాళ్లతో పెరిగిన తరములు ఈ ‘సహజ’మైన నీటికి సాక్షులు.

ఆ నీటికి విరుగుడుగా నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) వారు ఒక పద్ధతి కనిపెట్టిరి. అందు వాడునవి పటిక, సున్నము, బ్లీచింగు పొడి. పటిక నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడు ముద్దలుగా మారి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. ఈ పద్ధతికి ప్రపంచమంతట ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. ఇచట చెఱుపు చేసినది సహజమైన నీరు, మేలు చేసినవి రసాయనములు. తరువాత 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకమున శుద్ధిచేసిన నదీజలములను గొట్టములద్వారా గ్రామములకు తెచ్చిరి. అదియును మనుష్య ప్రయత్నమే.

ఇందులో మరియొక సంగతి కూడ కలదు. ఫ్లోరైడు కొద్దిగా ఉన్నచో పండ్లు పుచ్చకుండ కాపాడును. ఎక్కువైనచో ఎముకలను వంచును. పుట్టుక ఒకటే, గుణము పరిమాణమును బట్టి మారినది. కనుక మన మొదటి ప్రశ్న ‘ఎక్కడిది?’ అని కాక ‘ఎంత?’ అని ఉండవలెను.

నీటిని గూర్చియే ఇంకొక మాట. ఈ పట్టణములలో ఇరువది లీటర్ల క్యానులలో ఇండ్లకు వచ్చు నీటిని అందరును ‘మినరల్ వాటర్’ అందురు. మినరల్ అనగా ఖనిజము. సన్నని పొరలగుండ వడగట్టి తీయు ఆ నీటిలో ఖనిజములు చాలవరకు తొలగిపోయి ఉండును. నిజముగా ఊటలనుండి తీసిన సహజ ఖనిజ జలమునకు భారత ప్రమాణము 13428. శుద్ధిచేసి ప్యాకు చేసిన త్రాగునీటికి ప్రమాణము 14543. రెండును వేరు. ఉన్నదానిని తీసివేసి, తీసివేసినదాని పేరే పెట్టుకొన్నాము!

మిర్యాలగూడ బియ్యము

మిర్యాలగూడ రైసు మిల్లుల పట్టణము. అచటి మిల్లులలో ఉప్పుడు బియ్యము పెద్దయెత్తున తయారగును. వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టిన తరువాత మరపట్టుదురు. పచ్చి వడ్లను నేరుగా మరపట్టినచో వచ్చునది పచ్చిబియ్యము. మాటనుబట్టి తీర్పు చెప్పువారు పచ్చిబియ్యమే సహజమనియు, ఉప్పుడు బియ్యము మరలలో పాడైనదనియు అనవచ్చును. శాస్త్రము వేరుగా చెప్పుచున్నది.

బి1 విటమిను బియ్యపుగింజ పై పొరలలోను, మొలకలోను ఉండును. పచ్చి వడ్లను తెల్లగా మరపట్టినప్పుడు అది తవుడుతో పోవును. వడ్లను నానబెట్టి ఆవిరిపట్టినప్పుడు ఆ విటమిను కొంత గింజ లోపలికి ఇంకిపోవును. కనుక తరువాత మరపట్టినను మిగిలియుండును. ఈ విటమిను లోపించినచో బెరిబెరి యను వ్యాధి కలుగును. జావా ద్వీపములో తెల్ల బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుట చూచి ఈ కారణమునకు దారి చూపిన ఐక్మను గారికి 1929లో నోబెలు బహుమతి వచ్చెను. మన దేశములో కూనూరు పోషకాహార పరిశోధనాలయపు అధ్యక్షుడైన ఐక్రాయిడు గారు, ఆయన సహచరులు పరిశీలించినప్పుడు, పచ్చి వడ్లను మరపట్టిన బియ్యము తిను ఉత్తర సర్కారులలో బెరిబెరి కనబడెను. ఉప్పుడు బియ్యము తిను దక్షిణ ప్రాంతములలో అది అరుదు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

దంపుడు బియ్యము తినువారికి తవుడుతోపాటు విటమినును దక్కును, అది మంచిదే. కాని తెల్ల బియ్యములు రెంటిని పోల్చినప్పుడు, ఎక్కువ ‘పని’ జరిగిన బియ్యమే ఎక్కువ పోషణ నిచ్చుచున్నది. పని జరిగినదా లేదా అనుట కాదు, ఏ పని జరిగినదనుట ముఖ్యము.

సూర్యాపేటలో తలరంగు

ఇక మొదట చూచిన సూర్యాపేట దుకాణమునకు మరలి, ఒంటికి వాడు వస్తువులను చూతము. ఆషాఢమాసములో గోరింటాకు పెట్టుకొనని తెలుగు ఆడపిల్ల ఉండదు. ఆకు రుబ్బి పెట్టి, కొన్ని గంటలు ఉంచినచో చేయి ఎఱ్ఱగా పండును. ఆ రంగునకు కారణము లాసోన్ అను పదార్థము. అది చర్మములోని, వెండ్రుకలలోని మాంసకృత్తులతో కలిసి నారింజ యెఱుపు నిచ్చును. ఏ అమ్మమ్మ చేతిలోను గోరింటాకు ఒక్కటే నల్లగా పండలేదు.

అట్లయినచో ‘సహజమైన నల్ల హెన్నా’ యని అమ్ము పొడి అరగంటలో వెండ్రుకలను ఎట్లు నల్లబరచుచున్నది? నీలి ఆకు పొడిని గోరింటాకు తరువాత వాడి నల్లరంగు తెచ్చు పద్ధతి కలదు. దానికి కాలము పట్టును. త్వరగా నల్లబరచు పొడులలో తరచుగా ఉండునది పారాఫినైలిన్ డైఅమైన్ అను కృత్రిమ పదార్థము. అది కొందరికి సరిపడదు. తల దురదపెట్టి, ముఖము వాచి, కండ్లు మూసికొనిపోవును. ఒకసారి సరిపడనివారికి తరువాత ఎప్పుడును సరిపడదు. అందుచేతనే ఇట్టి రంగుల ప్యాకెట్ల మీద ముందుగా చర్మముపై కొంచెము పరీక్షించి చూడవలెననియు, కనుబొమలకును, రెప్పల వెండ్రుకలకును వాడరాదనియు, వాడినచో చూపు పోవచ్చుననియు ఇంగ్లీషులోను స్థానిక భాషలోను హెచ్చరిక ముద్రింపవలెనని మన నిబంధనలు చెప్పుచున్నవి. ముందు ఆకుబొమ్మ పెద్దది, వెనుక హెచ్చరిక చిన్నది. మొదటిదానిని చూచి కొన్నవాడు రెండవదానిని చదువడు. ఇదే ఈ రచనలోని పెద్ద దోషము.

షాంపూలను గూర్చియు ఒక మాట. కుంకుడుకాయ పూర్తిగా సహజమైనది. దాని రసము కంట పడినప్పుడు కలుగు మంట తెలియని తెలుగువారు లేరు. కనుక సహజమైనది మృదువుగా ఉండునను మాటయు నిజము కాదు. ఇక ‘తొంబది అయిదు పాళ్లు సహజము’ అను లెక్క. సౌందర్య సాధనములలోని సహజ పదార్థముల లెక్కకై అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 2017లో 16128వ ప్రమాణపు రెండవ భాగమును వెలువరించినది. అందు కలిపిన నీటిని చేర్చియు లెక్క కట్టవచ్చును, చేర్చకయు కట్టవచ్చును. ఏది చేసినదియు చెప్పవలెను. షాంపూలో ఎక్కువ భాగము నీరే. నీటిని చేర్చి లెక్కించినచో దాదాపు ప్రతి షాంపూయు సహజమైనదే యగును.

కోదాడలో పండ్లరసము

హైదరాబాదు–విజయవాడ రహదారిపై కోదాడ వద్ద ఆగు ప్రయాణికుడు ఎండకు తాళలేక చల్లని డబ్బా నొకటి కొనును. దానిపై ‘నూటికి నూరుపాళ్లు పండ్లరసము’ అని ఉండుట పరిపాటిగా ఉండెను. చాలవాటిలో జరుగునది వేరు: పండ్లరసమును చిక్కగా కాచి నిలువచేసి, తరువాత నీరు కలిపి తిరిగి రసముగా చేయుదురు. ఇట్టివానిపై నూటికి నూరుపాళ్లను మాట తీసివేయవలెనని భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2024 జూనులో ఆజ్ఞాపించినది. కిలోకు 15 గ్రాములకు మించి తీపి కలిపినచో ‘తీపి చేర్చిన రసము’ అని చెప్పవలెననియు జ్ఞాపకము చేసినది. నల్లగొండ బత్తాయి తోటలు దగ్గరనే ఉన్నవి. ఒక బత్తాయిని ఒలిచి తొనలు తిన్నవానికి ఏ ప్రకటనయు అక్కరలేదు, పీచు సైతము దక్కును. అట్లే ‘చక్కెర లేదు, బెల్లముతో చేసినది’ అను బిస్కట్టులో బెల్లములోని తీపి చాలవరకు చక్కెరలోని సుక్రోజే. మధుమేహము గలవారి రక్తము ఈ రెంటికి భేదము చూడదు.

మాట తేలికయైనను దాని ఫలము తేలిక కాదని ఇటీవలి ఉదాహరణ మొకటి చూపుచున్నది. విరేచనములైన పిల్లలకు ఇచ్చు ఓ.ఆర్.ఎస్. ద్రావణములో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము, లీటరు నీటికి సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండవలెను. ఇది పూర్తిగా రసాయనముల పట్టిక. లెక్కకు మించిన పిల్లల ప్రాణములు నిలిపిన పట్టిక. కాని చక్కెర ఎక్కువగానున్న కొన్ని తీపి పానీయములు పేరులో ఆ అక్షరములు పెట్టుకొని మందుల దుకాణములలోనే అమ్ముడయ్యెను. చక్కెర ఎక్కువైనచో పేగులలోనికి నీరు లాగబడి విరేచనములు హెచ్చును. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు దీనిపై ఏండ్ల తరబడి పోరాడిరి. 2022లో ‘ఇది ఆ సూత్రము ప్రకారము చేసినది కాదు’ అని ప్రక్కన వ్రాసిన చాలునని అనుమతించిన ఆహార సంస్థయే, 2025 అక్టోబరులో ఆ అనుమతిని రద్దుచేసి, పేరులోనే ఆ అక్షరములు ఉండరాదని శాసించినది. పెద్ద అక్షరముల తప్పును చిన్న అక్షరములు దిద్దలేవని ఇందువలన తేలినది.

చట్టము చెప్పునది

ఆహార పదార్థముల విషయమున ‘సహజము’ అను మాటకు మన దేశములో నిర్వచనము కలదు. 2018లో వెలువడిన ప్రకటనల నియమావళి ప్రకారము, మొక్క, జంతువు, సూక్ష్మజీవి లేక ఖనిజమునుండి వచ్చినదై, ఏమియు కలుపనిదై, తినుటకు యోగ్యము చేయుటకు మాత్రమే కావలసిన పని జరిగిన ఒంటి పదార్థమునకే ఆ మాట చెల్లును. పలు పదార్థములు కలిపి చేసిన బిస్కట్టునకు ఆ మాట చెల్లదు. అన్నియు ఆ నియమమునకు లోబడినచో ‘సహజ పదార్థములతో చేసినది’ అనవచ్చును. వ్యాపార నామములోనే ఇట్టి మాట యుండి కొనువారిని తప్పుదారి పట్టించునట్లున్నచో, ఇది పేరు మాత్రమే కాని వస్తువు స్వభావము కాదని 3 మిల్లీమీటర్లకు తక్కువకాని అక్షరములలో చెప్పవలెను. విద్యార్థులు కొలబద్ద తీసికొని ఆ వాక్యమును వెదకి కొలిచి చూచుట మంచి అభ్యాసము.

రెండవ వైపు

ఇంత చెప్పినందున ‘సహజము’ అన్నదెల్ల మోసమని తలచుటయు తొందరపాటే. రసాయనములన్న జనులకు గల భయము ఊరక పుట్టలేదు. ఎండోసల్ఫాన్ అను పురుగుమందును 2011లో సుప్రీంకోర్టు నిలిపివేయవలసి వచ్చెను. పసుపులో అనుమతిలేని మెటానిల్ ఎల్లో రంగు కలుపువారు కలరు. ఆ భయమునకు కావలసినది పరీక్షించి చెప్పిన సమాధానము, ఆకుబొమ్మ కాదు. సేంద్రియ ఆహారమునకు 2017 నాటి నియమములు, జైవిక్ భారత్ గుర్తు కలవు. ఆ గుర్తు వెనుక పొలమును తనిఖీ చేయు ఏర్పాటు ఉన్నది. అయితే అదియును పంట పండించిన విధమునకే హామీ. పోషణ ఎక్కువయని చెప్పదు. హామీ ఎంతవరకో తెలిసికొని నమ్మువాడు మోసపోడు.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక్క వారములో పాఠముగా చేయవచ్చును. పిల్లలచేత ఇంటిలోని ఖాళీ ప్యాకెట్లు పది తెప్పించి, మూడు గళ్ల పట్టిక వ్రాయింపుడు. మొదటి గడిలో ముందువైపు పెద్ద అక్షరములలో ఉన్నది. రెండవ గడిలో వెనుక చిన్న అక్షరములలో ఉన్న పదార్థముల జాబితా. మూడవ గడిలో ఈ రెంటికి పొందిక కలదా అను ప్రశ్నకు జవాబు. జాబితాలో మొదట ఉన్నది పరిమాణములో అన్నిటికంటె ఎక్కువ యని జ్ఞాపకము చేయుడు.

రెండు ప్రయోగములు కూడ చేయవచ్చును. తెల్లని ఉన్నిదారమును రుబ్బిన గోరింటాకులో ఒక రాత్రి ఉంచి, మరియొక దారమును బజారు ‘హెన్నా’ పొడి ముద్దలో అంతసేపే ఉంచి, రంగులను పోల్చుడు. చేతుల మీద మాత్రము పరీక్షింపరాదు; పొడిని ఉపాధ్యాయుడే తొడుగులు వేసికొని కలుపవలెను. రెండవది, కొంచెము పసుపును నీటిలో కలిపి, ఉపాధ్యాయుడు అందు కొన్ని చుక్కల హైడ్రోక్లోరికామ్లము వేయవలెను. వచ్చిన గులాబిరంగు నీరు పోసినప్పుడు పోయినచో అది పసుపు గుణము. పోక నిలిచినచో మెటానిల్ ఎల్లో ఉన్నదని అనుమానింపవలెను.

ఇకమీదట ‘సహజము’ అను మాట కనబడినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు: ఇందు ఏమున్నది? ఎంత ఉన్నది? ఎవరు పరీక్షించిరి? ఈ మూడింటికి ప్యాకెట్టు జవాబు చెప్పినచో, ఆకుబొమ్మ ఉన్నను లేకున్నను కొనవచ్చును. చెప్పనిచో, ఫ్లోరైడు నీటిని సహజమని నమ్మి త్రాగిన నల్లగొండ పల్లెలను ఒక్కసారి తలచుకొనుడు. వారికి ఆ మూడు ప్రశ్నలు అడుగు అవకాశము ఉండలేదు. మనకు ఉన్నది.